ఆల్చిప్ప రోగం

మోచేతి మీది మచ్చ చూపిద్దామని పోతే డాక్టరమ్మ టేపు తీసి నా నడుము కొలిచింది. 2019 నాటి మాట. అప్పటికి పదమూడేళ్లుగా సోరియాసిస్ నా ఒంటి మీద కాపురం ఉంటోంది. ఈలోపు ఎందరో డాక్టర్లు నా మోచేతులు చూశారు, మోకాళ్లు చూశారు, జుట్టు పాయలు తీసి మాడు చూశారు. నడుము మాత్రం ఎవరూ కొలవలేదు. ఆమె బీపీ కూడా చూసి, పరగడుపున షుగరు, లిపిడ్ ప్రొఫైలు చేయించుకు రమ్మని రాసిచ్చింది. ఆ తర్వాత అడిగింది.

"ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?"

"మా బాపుకు. యాభై ఒకటో ఏట పోయిండు మేడమ్."

"ఆయనకు కూడా చర్మం మీద ఇట్లా ఉండేదా?"

"ఉండె. నాకంటే చానా ఎక్కువ."

ఆమె రాస్తున్న కలం కాసేపు ఆగింది.

అంతవరకు ఆ రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టి మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. మా ఇంట్లో మేమూ అడుక్కోలేదు. బాపుకు తోలుజబ్బు ఉండేది, అదొక కథ. బాపు గుండె ఆగి పోయాడు, అది ఇంకో కథ. ఈ రెండు కథల మధ్య దారి ఎప్పుడు పడింది, ఎవరు వేశారు, అది గౌలిపురాలోని మా గల్లీ దాకా రావడానికి ఎందుకింత కాలం పట్టింది అని వెతుక్కుంటూ పోయాను. నేను డాక్టర్ని కాను. బడిలో చరిత్ర చెప్పుకునే పంతులుని. కాబట్టి ముందుగా దఫ్తరాలు వెతికాను. మొదటి దఫ్తరం మా ఇంట్లోనే, రేకుపెట్టెలో దొరికింది.

పొలుసులు, చిప్పలు

బాపు పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల దుకాణంలో పనిచేసేవాడు. మఖ్మల్ గుడ్డ మీద ముత్యాలు పోసి, సైజుల వారీగా ఏరి, గిరాకీ ముందు పరచడం ఆయన పని. 1972 ప్రాంతంలో చేతుల మీద పొలుసులు మొదలయ్యాయి. గిరాకీల చూపు ముత్యాల మీద నుంచి ఆయన వేళ్ల మీదికి జారేది. కొన్నాళ్లకు సేఠ్ ఆయన్ని వెనక గదిలో లెక్కలు రాయడానికి మార్చాడు. జీతం తగ్గించలేదు, మాట అనలేదు. కానీ బాపు మళ్లీ ముందరి గదిలో కూర్చోలేదు. పోయేదాకా, నడి మే నెలలో కూడా, పొడుగు చేతుల చొక్కానే తొడిగాడు.

నాయనమ్మకు ఇంకో భయం ఉండేది. "ఎవ్వరికీ చూపియ్యకు బిడ్డా, డిచ్‌పల్లికి తీస్కపోతరు" అనేదట. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ కుష్టు ఆస్పత్రి పెట్టింది. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ అండతో అది పెరిగింది. వేలమందికి వైద్యం చేసిన చోటు అది. కానీ మా నాయనమ్మ తరానికి ఆ ఊరి పేరంటే వెలి.

ఆమెది అమాయకత్వం అనుకునేవాణ్ని. చదివాక తెలిసింది, ఆ పొరపాటుకు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉందని. చరకుడి లెక్కలో కుష్ఠాలు పద్దెనిమిది. కుష్ఠం అనే ఒక్క మాట కింద ఇవాళ మనం కుష్టు అనేదీ, సోరియాసిస్ లాంటివీ, ఇంకా చాలా చర్మవ్యాధులూ చేరాయి. వాటిలో ఏకకుష్ఠాన్ని చేప పొలుసుతో పోల్చారు. గ్రీకులో లెప్రా అన్న మాట కూడా పొలుసు నుంచి పుట్టిందే. యూరప్‌లో లండన్ వైద్యుడు రాబర్ట్ విల్లన్ 1808లో ఈ జబ్బును జాగ్రత్తగా వర్ణించాడు. అయినా లెప్రా అనే పేరు దాన్ని వదల్లేదు. ఆ ముడి విప్పి ఇదంతా ఒకటే జబ్బు, సోరియాసిస్, కుష్టుతో దీనికి సంబంధం లేదు అని తేల్చింది వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా, 1841లో. వియన్నాలో తేలిన మాట మా నాయనమ్మ చెవిన పడటానికి 130 ఏళ్లు చాలలేదు.

యునానీలో దీని పేరు దా-ఉస్-సదఫ్. సదఫ్ అంటే ఆల్చిప్ప. చార్మినార్ దగ్గర ఒక హకీమ్ సాబ్ ఈ పేరు చెప్పిన రోజు బాపు ఇంటికొచ్చి నవ్వాడట. "ముత్యాలేమో దుకాణానికొచ్చినయి, చిప్పలు నా పాలికొచ్చినయి" అని. అమ్మ ఈ మాట ఇప్పటికీ చెప్తుంది. చెప్పి నవ్వదు.

చెడిపోయిన నెత్తురు

పాతబస్తీలో పెరిగినవాళ్లకు రెండు వైద్యాలు నడకదూరం. మక్కా మసీదు పక్కనే ఏడో నిజాం కాలంలో కట్టిన నిజామియా యునానీ దవాఖానా. నయాపూల్ దాటితే మూసీ అవతలి ఒడ్డున ఉస్మానియా దవాఖానా. 1908 వరదలో కొట్టుకుపోయిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రికి వారసురాలు అది. విన్సెంట్ ఎష్ నక్షా గీసిన భవనం. రెండు కప్పుల కింద రోగి ఒంటిని రెండు రకాలుగా చదివేవారు. యునానీకి చర్మం లోపలి రసాల తూకం చూపించే పలక. పొలుసులంటే సౌదా, అంటే నల్లపైత్యం, ఎక్కువై మాడిందని అర్థం. అందుకే ముసఫ్ఫీ-ఎ-ఖూన్, అంటే నెత్తురు శుద్ధి చేసే మందులు, విరేచనాలు, జలగలు. ఆధునిక వైద్యం మాత్రం 20వ శతాబ్దంలో ఎక్కువ కాలం దీన్ని చర్మంలో పుట్టి చర్మంలోనే ఉండే జబ్బుగా చూసింది. పైపూతలు, తారు మలాం, ఎండ.

ఇక్కడ ఒక టెంప్టేషన్ ఉంది. "మన హకీములకు ముందే తెలుసు, నెత్తురు చెడిందని చెప్పలేదా" అనేయొచ్చు. అది చరిత్ర అనిపించుకోదు. వాళ్లు చెప్పిన సౌదా వేరు, నా రిపోర్టులో ఉన్న ట్రైగ్లిజరైడ్స్ వేరు. జలగ కొవ్వును తూచలేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. చర్మం మీద కనబడేదాన్ని చూసి లోపలేం జరుగుతోందని అడిగే అలవాటు ఆ వైద్యంలో ఉంది. ఆ ప్రశ్న సరైనదే, వాళ్ల జవాబే వేరే కాలానిది.

ఆధునిక వైద్యంలోనూ ఆ ప్రశ్న వేసినవాళ్లు లేకపోలేదు. 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి, వాటి ధమనుల గోడల్లో కొవ్వు పేరుకోవడం చూపించాడు. 1933లో జర్మనీలో ఓటో గ్రూట్జ్, మాక్స్ బ్యూర్గర్ అనే ఇద్దరు వైద్యులు సోరియాసిస్‌ను జీవక్రియ సమస్యగా చూస్తూ వ్యాసం రాశారు. ఈ రోగుల ఒంట్లో కొవ్వు వాడకం సరిగ్గా లేదని వాళ్ల వాదన. కొవ్వు తగ్గించిన తిండి పెట్టి చూశారు. ఆ తిండితో పొలుసులు మాయం కాలేదు గనక వాదన కూడా మరుగున పడింది. గమనించండి, 1933కే రెండు ముక్కలూ బల్ల మీద ఉన్నాయి. కొవ్వు వల్ల ధమని చెడుతుంది అనేదొకటి, సోరియాసిస్‌లో కొవ్వు లెక్క తప్పుతుంది అనేది రెండోది. వాటిని కలిపి చూసే పని ఎవరిదీ కాలేదు.

1948

ఈ కథలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన సంవత్సరం 1948.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధనల అధిపతి. ఆ పరిశోధనశాల ఉన్న ఊరి పేరు పెర్ల్ రివర్, అంటే ముత్యాల ఏరు. బాపు వింటే ఇంకోసారి నవ్వేవాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, తర్వాత దానికి విరుగుడుగా పనిచేసే అమైనోప్టెరిన్ చేసింది, దాని చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్‌నూ చేసింది. 1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్తకాన్సర్ ఉన్న పిల్లలు 16 మందిలో 10 మందికి అమైనోప్టెరిన్‌తో తాత్కాలికంగా ఉపశమనం వచ్చిందని ప్రకటించాడు. అదే జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ హృదయ చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ ఏడే ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో వేలమందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ గుండెజబ్బు ఎవరికి, ఎందుకు వస్తుందో తెలుసుకునే అధ్యయనం మొదలైంది. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోయారు. ఆయనకు 53 ఏళ్లు.

1951లో గుబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు, అతని సహచరులు కీళ్లవాతానికి అమైనోప్టెరిన్ ఇస్తుంటే సోరియాసిస్ పొలుసులు రాలిపోవడం గమనించారు. ఆ దశాబ్దం చివరికి దాని స్థానంలో మెథోట్రెక్సేట్ వచ్చింది. మామూలుగా చర్మకణం అడుగు నుంచి పైకి రావడానికి నెల పడుతుంది. సోరియాసిస్‌లో ఆ పని వారం లోపే అయిపోతుంది, అందుకే పొలుసుల గుట్టలు. ఈ మందు ఆ పరుగును ఆపుతుందని మొదట అనుకున్నారు. అసలు పని రోగనిరోధక కణాల మీద అని తర్వాత తేలింది.

రేకుపెట్టెలో 1984 నాటి చీటీలో ఆ పేరుంది. వారానికి ఒక్కరోజు, మూడు గోలీలు. బాపు ఆదివారం ఆదివారం వేసుకునేవాడు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి తెచ్చే మందు కాబట్టి క్యాలెండర్‌లో ఆదివారాల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టేవాడు. ఆ గోలీ వెనక ఒక భీమవరం మనిషి ఉన్నాడని ఆయనకు తెలియదు. తెలిస్తే దుకాణంలో అందరికీ చెప్పుకునేవాడు.

రెండు గదులు

ఫ్రామింగ్‌హామ్ వాళ్లు 1961లో "ముప్పు కారకాలు" అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. బీపీ, కొలెస్ట్రాల్, తర్వాత పొగ, షుగరు. ప్రపంచమంతా గుండె డాక్టర్లు ఆ జాబితా పట్టుకున్నారు. ఆ జాబితాలో చర్మం లేదు. చర్మం డాక్టర్ల గదిలో ఆ జాబితా లేదు.

1978లో అమెరికన్ వైద్యులు చార్లెస్ మెక్‌డొనాల్డ్, పాల్ కలబ్రేసీ ఒక వ్యాసం అచ్చేశారు. సోరియాసిస్ ఉన్న మూడొందల పైచిలుకు రోగులను ఇతర చర్మవ్యాధులున్నవారితో పోల్చి, రక్తనాళాలు మూసుకుపోయే జబ్బులు సోరియాసిస్ వాళ్లలో దాదాపు రెట్టింపని చూపించారు. అది అచ్చయింది చర్మవైద్యుల పత్రికలో. గుండె డాక్టర్లు చదివే పత్రిక అది కాదు.

తర్వాత పెద్ద మలుపు 2006. జోయెల్ గెల్‌ఫాండ్ బృందం బ్రిటన్ కుటుంబవైద్యుల రికార్డుల నుంచి సోరియాసిస్ ఉన్న లక్షా ముప్పై వేలమందిని తీసుకుని, లేని ఐదున్నర లక్షలమందితో పోల్చింది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ అన్నీ లెక్కలోంచి మినహాయించాక కూడా, తీవ్రమైన సోరియాసిస్ ఉన్న 30 ఏళ్ల మనిషికి గుండెపోటు ముప్పు మామూలు కంటే సుమారు 3 రెట్లు తేలింది. 60 ఏళ్లవాళ్లలో అది 1.36 రెట్లు. తేలికపాటి సోరియాసిస్‌లో తేడా చాలా తక్కువ. 30 ఏళ్ల వయసులో గుండెపోటు అరుదు కాబట్టి మూడు రెట్లన్నా అసలు సంఖ్య చిన్నదే. హడలిపోవాల్సిన పని లేదు గానీ, పట్టించుకోకుండా ఉండే లెక్క మాత్రం కాదు.

ఎందుకిలా? ఈలోపు గుండె డాక్టర్ల గదిలో ఒక ఆలోచన మారింది. ధమనిలో పూడిక అంటే పైపులో నాచు పట్టినట్టు కొవ్వు అంటుకోవడం అని చాలాకాలం అనుకున్నారు. 1999లో రసెల్ రాస్ దాన్ని వాపు జబ్బుగా చూడాలని గట్టిగా వాదించాడు. కొవ్వు గోడలో చేరుతుంది, రోగనిరోధక కణాలు దాని మీద పడతాయి, ఆ పోరాటంలో గోడ పుండవుతుంది, ఏదో ఒకరోజు ఆ పుండు చిట్లి గడ్డకడుతుంది. సోరియాసిస్ మచ్చలో పనిచేసే రసాయనాలు, టీఎన్ఎఫ్, ఇంటర్ల్యూకిన్-17 లాంటివి, ఈ గోడలోనూ పనిచేస్తాయి. మోచేతి మీద ఏళ్ల తరబడి మంట మండుతుంటే దాని సెగ నెత్తురులో ఊరంతా తిరుగుతుంది.

నెత్తురులోని కొవ్వు ఇక్కడే కథలోకి వస్తుంది. ఈ వాపు వల్ల కాలేయం ట్రైగ్లిజరైడ్స్ మోసే రేణువులను ఎక్కువగా వదులుతుంది, వాటిని కరిగించే ఎంజైము మందగిస్తుంది. దాంతో ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. ఉన్న హెచ్‌డీఎల్ కూడా గోడలోంచి కొవ్వును ఎత్తుకుపోయే పని సరిగ్గా చేయదు. చెడ్డ కొలెస్ట్రాల్ అంకె ఒక్కటే చూస్తే మామూలుగానే కనబడొచ్చు. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఈ మంటకు ఇంకాస్త ఎగదోస్తుంది. డాక్టరమ్మ నా నడుము కొలిచింది అందుకే. పైగా సోరియాసిస్‌కు ఇచ్చే మందుల్లో ఎసిట్రెటిన్, సైక్లోస్పోరిన్ లాంటివి కూడా నెత్తురులో కొవ్వు పెంచుతాయి, అందుకని అవి వాడేటప్పుడు పరీక్ష తప్పనిసరి.

మా బాపు 1996లో పోయాడు. 1978కీ 2006కీ మధ్యన. రేకుపెట్టెలో 24 ఏళ్ల చీటీలు 61 ఉన్నాయి. గుమాస్తా మనిషి, ఒక్కటీ పారెయ్యలేదు, తేదీల వారీగా దారంతో కుట్టి పెట్టాడు. మలాములు, నూనెలు, గోలీలు, మాజూన్‌లు. కాలేయం పరీక్షలు ఉన్నాయి, నెత్తురు తక్కువుందేమో చూసిన పరీక్షలున్నాయి. కొలెస్ట్రాల్ పరీక్ష ఒక్కటీ లేదు. చివరి కాయితం ఈసీజీ. అది తీసిన రాత్రే ఆయన పోయాడు.

ఆ చీటీల మీది పేర్లు నేనిక్కడ రాయను. వాళ్లలో చాలామంది మంచి డాక్టర్లు, బాపును మనిషిలా చూసిన హకీములు. వాళ్ల కాలపు పుస్తకాల్లో లేని ప్రశ్న వాళ్లు అడగలేదు. కోపం వస్తుంది, కానీ దాన్ని పెట్టడానికి ఒక మొహం దొరకదు.

షికాగోలో ఒక నవంబరు

2018 నవంబరులో షికాగోలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమావేశంలో రెండు సంగతులు జరిగాయి. రెండూ నాకు సొంత విషయాల్లాగే అనిపిస్తాయి.

మొదటిది. సోరియాసిస్, కీళ్లవాతాలకు వాడే మెథోట్రెక్సేట్ వాపు తగ్గిస్తుంది కదా, గుండెపోటునూ ఆపుతుందా అని పాల్ రిడ్కర్ బృందం 4,786 మంది గుండెరోగుల మీద పరీక్షించింది. ఫలితం, ఆపలేదు. ఆ రోగుల్లో వాపు గుర్తులు కూడా తగ్గలేదు. అంతకు ఏడాది ముందే, 2017లో, అదే రిడ్కర్ 10,061 మంది మీద కెనకినుమాబ్ అనే వేరే మందును పరీక్షించాడు. కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా వాపును మాత్రమే తగ్గించి, గుండెపోటు లాంటి ఘటనలను 15 శాతం తగ్గించగలిగింది అది. వాపు సిద్ధాంతం నిలబడింది గానీ, దానికి సుబ్బారావు మందు తాళంచెవి కాలేదు.

రెండోది. కొలెస్ట్రాల్ చికిత్సకు కొత్త మార్గదర్శకాలు. ముప్పును ఇంకాస్త ఎక్కువగా లెక్కించాల్సిన సందర్భాల జాబితా ఒకటి అందులో ఉంది. దగ్గరి మగబంధువుకు 55 ఏళ్లలోపు గుండెజబ్బు. సోరియాసిస్ లాంటి దీర్ఘకాలిక వాపు జబ్బు. అదేపనిగా 175 దాటి ఉండే ట్రైగ్లిజరైడ్స్. దక్షిణాసియా మూలాలు. మొదటిసారి చదివినప్పుడు ఎవరో మా ఇంటి గడప దగ్గర నిలబడి రాసినట్టు అనిపించింది. నా ట్రైగ్లిజరైడ్స్ 268. నాకు నాలుగు టిక్కులు. దక్షిణాసియా సంగతీ ఊరికే చేర్చలేదు. మొదటి గుండెపోటు సగటున మనవాళ్లకు 53 ఏళ్లకు, ఇతర దేశాలవాళ్లకు 58.8 ఏళ్లకు వస్తోందని 2007లో ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపించింది. సుబ్బారావుగారు పోయిందీ 53కే. యాదృచ్ఛికమే, కానీ ఆ అంకె దగ్గర నేను కాసేపు ఆగాను.

పాతబస్తీవాళ్ల కోసం ఇంకో ముక్క చెప్పాలి. యునానీ మందుల దుకాణాల్లో సురంజాన్ అనే దుంప దొరుకుతుంది. కీళ్లనొప్పులకు శతాబ్దాలుగా వాడుతున్నారు. అదే జాతి మొక్కల నుంచి తీసే కాల్చిసిన్‌ను తక్కువ మోతాదులో ఇస్తే, గుండెరోగుల్లో కొత్త ఘటనలు 31 శాతం తగ్గాయని 2020లో ఒక పరీక్ష చెప్పింది. 2023లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. 2024లో, అప్పుడే గుండెపోటు వచ్చినవారి మీద చేసిన ఇంకో పెద్ద పరీక్షలో లాభం కనబడలేదు. కథ ఇంకా నడుస్తోంది. దీన్ని చదివి దుంప కొని నూరుకునేరు, విషం అది. మోతాదు రవ్వంత తప్పినా ప్రాణం పోతుంది.

ప్రస్తుతానికి తేలిన మాటలు మామూలువే. సోరియాసిస్ ఉన్నవాళ్లకు బీపీ, షుగరు, కొవ్వు పరీక్షలు చేయించమని 2019లో అమెరికన్ చర్మవైద్యుల సంఘం కూడా మార్గదర్శకాల్లో రాసింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు సోరియాసిస్ ఉన్నవాళ్లలోనూ అందరిలాగే పనిచేస్తాయి. పొగ మానడం, నడుము తగ్గించడం, నడవడం. వీటికి కొత్తదనం లేదు. కొత్తదల్లా చర్మం చూసేవాళ్లు గుండె గురించి అడగడం. నేను ఇవాళ స్టాటిన్ వేసుకుంటున్నాను, పొద్దున లాల్‌దర్వాజా నుంచి చార్మినార్ దాకా నడిచి వస్తున్నాను, రెండో ఇరానీ చాయ్ మానేశాను. మొదటిది మానలేదు.

పోయిన ఏడాది మా అమ్మాయి చెవి వెనక చిన్న పొలుసు కనబడింది. దానికి 22 ఏళ్లు. చూపించి "నాన్నా, వచ్చేసినట్టుంది" అంది, వాన వచ్చేసినట్టు. పొట్టి చేతుల చొక్కాలోనే ఉంది. ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి పోయాం. మలాం రాసిచ్చింది, టేపు తీసి నడుము కొలిచింది, పరగడుపు పరీక్ష రాసింది. అన్నీ మామూలుగా వచ్చాయి.

ఇంటికొచ్చాక రేకుపెట్టె తీశాను. బాపు కుట్టిన దారం ఇంకా గట్టిగానే ఉంది. ఈసీజీ కాయితం వెనక నా లిపిడ్ ప్రొఫైలు, దాని వెనక మా అమ్మాయిది పెట్టి, కొత్త దారంతో కుట్టాను.